చేపల తొట్టిలో దీపం

పోయిన సంచికలో చిలకా సరస్సుకు వచ్చే వలస పక్షుల గురించి రాశాను కదా. అది చదివి ఛత్రపురం నుంచి ఒక అక్కగారు ఉత్తరం రాశారు. ఈ రోజుల్లో ఇన్‌లాండు కవరు మీద చేత్తో రాసిన ఉత్తరం రావడమే పెద్ద సంబరం. అందులో సంగతి ఇది:

"తమ్ముడూ, నీ పక్షులు బాగున్నాయి. మా ఇంట్లో మనవడి కోసం చేపల తొట్టి పెట్టించాం. రాత్రంతా అందులో లైటు వెలుగుతూనే ఉంటుంది. ఆర్పితే చేపలు చచ్చిపోతాయని వాడంటాడు. ఆర్పకపోతే కరెంటు బిల్లు చూసి వాళ్ళ తాతగారు పడిపోయేలా ఉన్నారు. ఇంతకీ చేపలు నిద్రపోతాయా, పోవా? ఆ సంగతి రాయి."

ముప్పై మూడేళ్ళు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి గనుక ఒక్క ముక్కలో జవాబు చెప్పేయవచ్చు: నిద్రపోతాయి అక్కా, ఆర్పేయండి. కానీ ఆ ఒక్క ముక్క వెనక చాలా కథ ఉంది. అందులో నేను చేసిన తప్పు కూడా ఒకటుంది. ఇన్నాళ్ళూ ఈ శీర్షికలో దాని ఊసెత్తలేదు. ఈసారి ఎత్తక తప్పడం లేదు. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ముందు చేపల నిద్ర. చేపకు కనురెప్పలు లేవు, కాబట్టి కళ్ళు మూసుకోదు. అందుకే అది నిద్రపోదని మనం అనుకుంటాం. రాత్రి దీపం ఆర్పిన ఒకటి రెండు గంటల తరవాత చప్పుడు చేయకుండా వెళ్ళి చూడండి. తొట్టి అడుగునో, ఒక మూలనో కదలకుండా ఉంటాయి. తోక కాస్త వాలి ఉంటుంది. గాజు మీద మెల్లగా తడితే పగటిపూట అయితే చటుక్కున పారిపోయేవి, ఇప్పుడు కాస్త ఆలస్యంగా కదులుతాయి. అదే వాటి నిద్ర. లైటు వేసి ఉంచితే మాత్రం పడుకోవు, తిరుగుతూనే ఉంటాయి.

చీకటి పడింది కాబట్టి పడుకున్నాయి, వెలుతురు వచ్చింది కాబట్టి లేచాయి, అంతేనా? అంతే అయితే ఇంత రాయనక్కరలేదు. 1729లో ద మైరాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి మొక్కను చీకటిలో పెట్టాడు. ఎండ మొహం చూడకపోయినా అది పగలు ఆకులు విప్పి, రాత్రి ముడుచుకుంటూనే ఉంది. అంటే లోపల ఒక గడియారం ఉందన్నమాట. ఆ గడియారం ఎలా ఉంటుందో తెలియడానికి మరో రెండున్నర శతాబ్దాలు పట్టింది. పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో దాన్ని విప్పి చూపినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికన్లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

పనిచేసే తీరు వినడానికి తేలికే. కణంలో ఒక జన్యువు ఒక రకం ప్రోటీనును తయారుచేయిస్తుంది. ఆ ప్రోటీను బాగా పోగుపడ్డాక వెళ్ళి తనను పుట్టించిన జన్యువు నోరే మూయిస్తుంది. తయారీ ఆగిపోతుంది. ఉన్న ప్రోటీను మెల్లగా కరిగిపోతుంది. అది కరగగానే జన్యువు మళ్ళీ పని మొదలుపెడుతుంది. ఈ చుట్టు ఒకసారి తిరగడానికి ఇంచుమించు 24 గంటలు. ఇక్కడ 'ఇంచుమించు' అన్న మాట ముఖ్యం. మా చిన్నప్పుడు ఇంట్లో ఒక గోడగడియారం ఉండేది. రోజుకు ఐదు నిమిషాలు ముందుకు పోయేది. నాన్నగారు పొద్దున్నే ఆకాశవాణి వార్తలు వినేటప్పుడు కుర్చీ ఎక్కి ముల్లు సరిచేసేవారు. జీవగడియారం కూడా అంతే. వదిలేస్తే కొంచెం ముందుకో వెనక్కో జరుగుతుంది. దాన్ని రోజూ సరిచేసేది తెల్లవారి వచ్చే వెలుతురు.

మనకైతే ఆ వెలుతురు కంటి ద్వారానే వెళ్ళాలి. చేపల సంగతి వేరు. అక్కగారి తొట్టిలో ఏ చేపలున్నాయో రాయలేదు గాని, పిల్లల తొట్టెల్లో తరచు కనిపించే నీలి చారల చిన్న చేప, జీబ్రా చేప, మన దేశపుదే. 1822లో హామిల్టన్ అనే స్కాట్లండు వైద్యుడు గంగానది చేపల మీద రాసిన గ్రంథంలో దీన్ని మొదట వర్ణించాడు. మన వాగుల్లో, పొలాల కాలువల్లో తిరిగే ఈ చేప ఇప్పుడు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఉంది. 2000 సంవత్సరంలో విట్‌మోర్, ఫౌక్స్, సస్సోన్-కోర్సీ అనే శాస్త్రజ్ఞులు దీని గుండెను, మూత్రపిండాన్ని విడిగా గాజు పళ్ళెంలో ఉంచి, వాటి మీద వెలుతురు పడేటట్టు చేశారు. కన్ను లేదు, మెదడు లేదు. అయినా ఆ గుండెలోని గడియారం, ఆ మూత్రపిండంలోని గడియారం వెలుతురును చూసి తమ వేళ సరిచేసుకున్నాయి! ఈ సంగతి మొదటిసారి చదివిన రోజున నేను భోజనం దగ్గర మా ఆవిడకు చెబితే, "పులుసులో వేసేటప్పుడు కూడా దానికి టైము తెలుస్తుందా?" అంది. శాస్త్రజ్ఞుల ఇళ్ళలో పరిస్థితి ఎలా ఉంటుందో నాకు తెలియదు.

కాబట్టి అక్కయ్యా, మీ మనవడి తొట్టిలో దీపం చేప కంటికే కాదు, ఒంటికంతా తగులుతోంది. ప్రయోగశాలల్లో ఈ చేపలకు 14 గంటలు వెలుతురు, 10 గంటలు చీకటి ఇస్తారు. అలా ఇస్తేనే తెల్లవారే సరికి, దీపం వెలిగిన కాసేపటికి గుడ్లు పెడతాయి. రాత్రే లేనిచోట తెల్లవారేది ఎప్పుడు?

అసలు వెలుతురే ఎరగని చేపలూ ఉన్నాయి. సొమాలియా ఎడారి కింద, భూగర్భ జలాల్లో లక్షల ఏళ్ళుగా చీకట్లో బతుకుతున్న ఒక చేప ఉంది. కళ్ళు లేవు, ఒంటి మీద పొలుసులు లేవు. 2011లో దాని గడియారాన్ని పరీక్షిస్తే రెండు విచిత్రాలు తేలాయి. ఎంత వెలుతురు చూపినా అది సరిదిద్దుకోలేదు. పైగా ఒక చుట్టు తిరగడానికి దానికి 47 గంటలు పట్టింది. రోజూ ముల్లు సరిచేసే నాన్న లేని ఇంట్లో గడియారం ఏమవుతుందో అదే అయింది.

నీళ్ళలో ఉండేవాటికి ఇంకో చిక్కు కూడా ఉంది. ఒడ్డున బతికేవాటికి సూర్యుడొక్కడి లెక్క చాలదు, చంద్రుడి లెక్క కూడా కావాలి. సముద్రపు పోటు ఇంచుమించు 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి వస్తుంది. చెన్నైలో ఉన్న పాఠకులు సముద్రపు ఒడ్డున అల వెనక్కి వెళ్ళేటప్పుడు తడి ఇసుకలోకి చటుక్కున దూరిపోయే కోడిగుడ్డు ఆకారపు చిన్న పీతలాంటి జీవిని చూసే ఉంటారు. పిల్లలు దోసిలితో ఇసుక ఎత్తి పట్టుకుంటుంటారు. 1960ల్లో మద్రాసులో పరిశోధన చేస్తున్న ఎం.కె. చంద్రశేఖరన్ అనే యువకుడు వీటిని ప్రయోగశాలకు తెచ్చి, అలలు లేని నీళ్ళలో ఉంచి చూశాడు. అక్కడ కూడా వాటి కదలికా, ప్రాణవాయువు వాడకమూ అటు పోటు వేళనూ, ఇటు రేయింబవళ్ళనూ రెండింటినీ పాటించాయి. 1965లో ఆ పరిశోధన అచ్చయింది. ఆయనే తరవాత మదురై విశ్వవిద్యాలయంలో గబ్బిలాల మీదా, మనుషుల మీదా పనిచేసి ఈ శాస్త్రానికి మన దేశంలో పెద్దదిక్కు అయ్యారు. అంతకు ముందే, 1954లో, కె. పంపాపతి రావు అమెరికా తీరంలో ఆల్చిప్పల జాతి జీవుల మీద ఇలాంటి పనే చేశారు. ఒడ్డు నుంచి తెచ్చి తొట్టిలో ఉంచినా, తమ ఒడ్డున పోటు వచ్చే వేళకే అవి ఎక్కువ నీళ్ళు తోడేవి. ఇంకో చోటికి మార్చి కొన్నాళ్ళుంచితే ఆ కొత్త ఊరి పోటుకు అలవాటుపడ్డాయి. ఆయన తరవాత తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చెప్పారు. తాతలనాడు ఊరు విడిచి వచ్చి ఇక్కడి పోటుకు అలవాటుపడిన మన కుటుంబాలకు ఆ ఆల్చిప్పలంటే కాస్త అభిమానం ఉండాలని నా ఉద్దేశం.

సముద్రం మధ్యలో జరిగేది ఇంకా పెద్ద వ్యవహారం. కంటికి ఆనని చిన్న చిన్న రొయ్యజాతి పురుగులు కోటానుకోట్లు పగలంతా లోతున, చీకట్లో దాక్కుంటాయి. పొద్దు గూకగానే పైకి వచ్చి మేస్తాయి. తెల్లవారకముందే మళ్ళీ దిగిపోతాయి. వెలుతురులో పైన ఉంటే చేపల కంటపడతాయి గదా. వందల మీటర్ల ప్రయాణం, రోజూ రెండుసార్లు! వాటి వెనక వాటిని తినేవి, వాటి వెనక వీటిని తినేవి. రెండో ప్రపంచయుద్ధంలో జలాంతర్గాముల కోసం శబ్దతరంగాలు పంపి వెతికేవాళ్ళకు సముద్రంలో నేల ఉండకూడని చోట నేలలాంటిది తగిలింది. రాత్రయ్యేసరికి అది పైకి లేచింది. అది ఈ జీవుల గుంపేనని 1945లో తేలింది.

మన గోపాలపురం, గంజాం తీరాల్లో తెలుగు మాట్లాడే జాలర్లను, వాడబలిజలను ఇక్కడివాళ్ళు నోలియాలంటారు. వీళ్ళకు ఏ శబ్దతరంగాలూ అక్కరలేకుండానే ఈ సంగతి తెలుసు. అమావాస్య రాత్రి వేరు, పున్నమి రాత్రి వేరు అని వాళ్ళ పిల్లలకు కూడా తెలుసు. పడవలో దీపం పెడితే చేప దగ్గరికి వస్తుందనీ తెలుసు. ఒక లాంతరు పెట్టుకున్నంత కాలం అది పొట్టకూటి వ్యవహారం. పెద్ద మరపడవలు జనరేటర్లు పెట్టి ఎల్‌ఇడి దీపాలతో సముద్రాన్ని పట్టపగలు చేయడం మొదలుపెట్టాక గుంపులకు గుంపులు ఊడ్చుకుపోయాయి. 2017లో కేంద్ర ప్రభుత్వం మన సముద్రజలాల్లో అలాంటి వేటను నిషేధించింది.

ఇక నా తప్పు.

మన ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలాదిగా ఒక్కసారే వచ్చి గుడ్లు పెడతాయని శాస్త్రలోకానికి తెలిసింది 1994లో. అక్కడి జాలర్లకు ఎప్పటినుంచో తెలుసు, మనకే తెలియలేదు. 1996 ఏప్రిల్‌లో, అప్పటికి నాకు పదేళ్ళ సర్వీసు, పిల్లలు గుడ్లలోంచి బయటికి వచ్చే సమయం చూసి విద్యార్థుల్ని పద్దెనిమిది మందిని వెంటబెట్టుకుని రాత్రి ఆ ఒడ్డుకు వెళ్ళాను. అమ్మాయిలు కూడా ఉన్నారు, పాములుంటాయేమో, దారి కనపడదేమో అని ఒక పెట్రోమాక్స్ దీపం అద్దెకు తీసుకువెళ్ళాను.

పది దాటాక ఇసుక కదిలింది. మొదట ఒక చిన్న గుంట పడింది. అందులోంచి అరచేతిలో ఇమిడేంత నల్లటి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పొంగివచ్చాయి. ఒక గూటిలో నూటికి పైనే ఉంటాయి. విద్యార్థులు ఆనందంతో కేకలు వేస్తున్నారు. నేను దీపం ఎత్తిపట్టుకుని ఉపన్యాసం చెబుతున్నాను: ఇసుక చల్లబడగానే రాత్రయిందని గుర్తుపట్టి బయటికి వస్తాయి, ఆకాశపు వెలుగు నీళ్ళ మీద మెరుస్తుంది గనుక సముద్రం వైపు దిక్కు వెలుతురుగా ఉంటుంది, గట్టు వైపు చెట్లతో చీకటిగా ఉంటుంది, వెలుతురు వైపు నడవడమే వీటికి పుట్టుకతో వచ్చిన విద్య, అని. చెబుతూనే ఉన్నాను. ఒక అమ్మాయి, "సార్, ఇవి మన దగ్గరికే వస్తున్నాయేంటి?" అంది.

అన్నీ మా పెట్రోమాక్స్ వైపే వస్తున్నాయి. సముద్రం వాటి వెనక యాభై గజాల్లో ఉంది.

చీకట్లోంచి ఒక ముసలి జాలరి పరుగున వచ్చాడు. "ఆర్పండి బాబూ, ఆర్పండి! ఆటికి మీ దీపమే సంద్రం!" అని అరిచాడు. నా చేయి వణికి మీట తిప్పడం రాలేదు. ఆయనే లాక్కుని ఆర్పాడు. తరవాత ఆయనా, మేమూ కలిసి చీకట్లో తడుముకుంటూ, దొరికినవాటిని తువ్వాళ్ళలో, అమ్మాయిల చున్నీల్లో ఎత్తి తడి ఇసుక మీద వదిలాం. వెనక్కి అడుగు వేయాలంటే భయం. పాదం కింద ఏముందో తెలియదు. తెల్లవారాక సరుగుడు చెట్ల మొదళ్ళలో, మేము మొదట కూర్చున్న చోట, కాకులు వాలి ఉన్నాయి. ఎన్ని పోయాయో లెక్కపెట్టమని ఒక విద్యార్థి అడిగాడు. నేను పెట్టలేదు.

ఆ పిల్ల ఒంట్లో పుట్టేటప్పటి పచ్చసొన కొంచెం మిగిలి ఉంటుంది. ఆ బలంతోనే అది నీళ్ళలో పడగానే ఇంచుమించు ఒక రోజంతా ఆగకుండా ఈది ఒడ్డుకు దూరమవుతుంది. ఇసుక మీద తప్పుదారిలో గంటసేపు తిరిగితే ఆ బలం అక్కడే కరిగిపోతుంది. 'కాంతి అనుచలనం' అని నల్లబల్ల మీద పదేళ్ళు రాసినవాణ్ణి. దీపం మాత్రం నేనే పట్టుకెళ్ళాను.

ఇప్పుడు ఆ తీరానికి పెట్రోమాక్సుల బెడద లేదు. దానికి బదులు రహదారి దీపాలు, ఊళ్ళ దీపాలు, ఫ్యాక్టరీ దీపాలు ఉన్నాయి. తెల్లటి, నీలివన్నె దీపాలు ఈ పిల్లల్ని ఎక్కువ లాగుతాయి, ఎర్రటివి తక్కువ. పిల్లలు బయటికి వచ్చే రోజుల్లో ఒడ్డు వైపు దీపాలు ఆర్పమని అటవీశాఖవాళ్ళు అడుగుతారు. చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళు ఒడ్డు వెంబడి వలలు అడ్డం కట్టి, దారితప్పినవాటిని బుట్టల్లో ఎత్తి నీళ్ళలో వదులుతారు. 2023లో ఆ ఒక్క తీరానికే 6 లక్షలకు పైగా తల్లులు వచ్చాయి. 2024లో సామూహికంగా రానేలేదు. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షలు వచ్చాయి. ఎప్పుడు వస్తాయో, ఎప్పుడు రావో చెప్పలేం.

ఇదంతా ఈసారి ఎందుకెత్తానంటే, మన సంఘం ఉగాది సాంస్కృతిక కార్యక్రమాన్ని ఈ ఏడు రాత్రిపూట, ఆ తీరానికి దగ్గరలోనే ఇసుక మీద వేదిక కట్టి, పెద్ద దీపాలతో జరపాలని కార్యవర్గంలో ప్రతిపాదన వచ్చింది. వేడుకగా ఉంటుంది, కాదనను. నాటికకు పిల్లలు రెండు నెలలుగా రిహార్సలు చేస్తున్నారు. కానీ ఉగాది అంటే చైత్రశుద్ధ పాడ్యమి. ముందురోజే అమావాస్య. ఆకాశంలో వెన్నెల ఉండదు. ఉన్న వెలుతురల్లా మనదే అవుతుంది. సరిగ్గా గూళ్ళు పగిలే రోజులు కూడా అవే. సమావేశంలో ఈ మాట చెబితే, "మాస్టారూ, ఒక్క రాత్రే కదా" అన్నారు ఒక మిత్రులు. నేను తీసుకెళ్ళిందీ ఒక్క రాత్రికే, ఒక్క దీపమే అని చెప్పాను. పైన రాసినదంతా అప్పుడే మొదటిసారి నలుగురిలో చెప్పడం.

గంటన్నర వాదన జరిగింది. మాటా మాటా పెరిగింది కూడా. చివరికి కార్యక్రమం పట్టణంలోనే, హాలులో అని తేల్చారు. హాలు అద్దె ఖర్చు అదనం, అందుకని భోజనాల్లో ఒక మిఠాయి తగ్గింది. ఆ మిఠాయి ఏదో తెలిసిన రోజున కొందరు నాతో మాట్లాడరని అనుకుంటున్నాను.

మళ్ళీ ఛత్రపురం అక్కగారి దగ్గరికి. ఉత్తరానికి జవాబు రాసే ఓపిక లేక ఫోను చేశాను. రోజుకు ఎనిమిది, పది గంటలు వెలుతురు చాలని, రోజూ ఒకే వేళకు వేసి ఒకే వేళకు ఆర్పమని, ఆర్పితే తొట్టిలో పాచి పట్టడం కూడా తగ్గుతుందని చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. కుర్రాడికి ఏడేళ్ళు. తల్లీ తండ్రీ ఉద్యోగాలకు పుణెలో ఉన్నారు. వీడు నానమ్మ దగ్గర. రాత్రి చీకటంటే భయం, ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గు. చేపల పేరు చెప్పి దీపం వెలిగించుకుంటున్నాడు.

"అయితే అక్కా, దీపం వాడి దగ్గర పెట్టండి, చేపల దగ్గర కాదు," అన్నాను. మంచం పక్కన గోడకు ఒక చిన్న ఎర్ర బల్బు, తొట్టి మీద మందపాటి దుప్పటి. దుప్పటి కప్పే పని, తీసే పని వాడికే అప్పగించమన్నాను.

పోయిన వారం ఆవిడే ఫోను చేశారు. తెల్లవారి ఆరింటికి దుప్పటి తీసి, చేపలు మొదట ఎటు కదులుతాయో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడట. రెండు రోజులు ఆలస్యంగా లేచినందుకు చేపలకు క్షమాపణ కూడా చెప్పాడట.